హంసలదీవి యొడ్డున నొక రాత్రి

2025వ సంవత్సరపు మాఘమాసమున మా గుడివాడలో నే యింట చూచినను ప్రయాగ ప్రసంగమే. మహాకుంభమేళాకు పోయి వచ్చినవారు కొందరు, రైలులో చోటు దొరకక మరలి వచ్చినవారు కొందరు, మూటలు కట్టుకొనుచున్నవారు కొందరు. మా వీథి నుండియే నాలుగు కుటుంబములు బయలుదేరెను. ఒకనాటి యుదయమున మా వారు తమ తల్లిగారితో "అమ్మా, నిన్ను కూడా ప్రయాగకు తీసుకువెళ్లనా?" అని యడిగిరి. అత్తగారు చేటలోని బియ్యమున రాళ్లేరుచునే యుండి, తల యెత్తక, "ప్రయాగ వద్దురా అబ్బాయీ. హంసలదీవికి తీసుకుపో. సముద్రం ఒడ్డున ఒక రాత్రి పడుకోవాలని ఉంది" అనిరి.

ఆ మాట విని మే మొకరి మొగ మొకరము చూచుకొంటిమి. మే మా యింట కాపురమునకు వచ్చిన నాటినుండి అత్తగారు సముద్రము పేరెత్తగా వినలేదు. పిల్లలను మంగినపూడికి తీసికొనిపోయినప్పుడెల్ల వా రింటనే యుండి, మేము తిరిగి వచ్చువేళకు వేడినీళ్లు కాచి యుంచి, పిల్లల యొంటి యిసుక పోవునట్లు స్నానము చేయించెడివారు. కారణము మాకు దెలియును. కావుననే యెన్నడు నడుగలేదు.

అత్తగారి పుట్టినిల్లు కోడూరునకు దిగువను సముద్రమునకు చేరువనున్న యొక పల్లె. 1977వ సంవత్సరమున వారికి పందొమ్మిదేండ్లు. కడుపులో మా వారు. కార్తికపౌర్ణమి వెళ్లిన పిమ్మట వచ్చి పురిటికి తీసికొనిపోదునని తల్లి కార్డు వ్రాయించెను. పౌర్ణమి ఆరు దినములున్నదనగా, నవంబరు 19వ తేది శనివారమున, దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడెను. సుమారు 5 మీటర్ల యెత్తున లేచిన నీరు కోసుల కొలది నేలను ముంచెత్తెను. సొర్లగొంది వంటి పల్లెలు తుడుచుకొనిపోయెను. ప్రభుత్వపు లెక్కలలోనే చనిపోయినవారు సుమారు 10,000 మంది. వారిలో మా అత్తగారి తల్లియు, పదేండ్ల తమ్ముడును ఉన్నారు. తండ్రి తాటిచెట్టును కరచుకొని బ్రతికెను. ఆయన పదునొకండవనాడు గుడివాడకు వచ్చి, మా గుమ్మమున నిలువబడి, "అమ్మాయికి పురుడు ఇక్కడే పోయండి" అని మాత్రము చెప్పి మరలిపోయెనట. తల్లి దేహము దొరకలేదు. పుట్టినింటి పురుడు లేకయే మా వారు జన్మించిరి.

అట్టి యత్తగారు నలువదియేడేండ్లకు తమంతట తామే యా తీరమునకు పోదమనిరి. మా వారు బడికి రెండు దినములు సెలవు పెట్టిరి. ఫిబ్రవరి 12వ తేది బుధవారము మాఘపౌర్ణమి. సంగమస్నానము నాటి తెల్లవారుజామున కావున, మేము మంగళవారము ప్రొద్దుననే పులిహోర, దద్ధోజనము, అరటిపండ్లు, రెండు తుంగచాపలు, నాలుగు దుప్పట్లు, త్రాగునీరు కట్టుకొని, మా పండ్రెండేండ్ల పిల్లను, ఎనిమిదేండ్ల పిల్లవానిని వెంటబెట్టుకొని బయలుదేరితిమి.

పామర్రు దాటి కూచిపూడి, చల్లపల్లి మీదుగా మోపిదేవికి జేరితిమి. అచట సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శించుకొంటిమి. బిడ్డలకొరకు మ్రొక్కుకొనువారును, చెవులు కుట్టించ వచ్చినవారును ఆలయమున నిండియుండిరి. అటనుండి పులిగడ్డ. మహాబలేశ్వరమున బుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు నడచివచ్చిన కృష్ణవేణి యిక్కడ రెండు పాయలై, దివిసీమను నడుమ నుంచుకొని సముద్రమునకు సాగును. అవనిగడ్డ, కోడూరు దాటినకొలది చెట్లు పొట్టివగుచు, ఆకాశము పెద్దదగుచు వచ్చెను. రొయ్యల చెరువులు, వరికోసిన మళ్లు, నడుమ నడుమ ఎత్తైన స్తంభములపై తుపాను ఆశ్రయభవనములు కానవచ్చెను. ఉప్పెన తరువాత నీ తీరమున గట్టినవి యివి. ఇప్పుడు ఆకాశమునుండి ఉపగ్రహములును, మచిలీపట్నమునుండి రాడారును తుపాను జాడను ముందే తెలుపుచున్నవి. 2023 డిసెంబరు 5వ తేదిని మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినప్పుడు పల్లపు పల్లెల వారిని ముందుగానే తరలించిరి. అత్తగారు ఆ భవనములను బండి కిటికీనుండి లెక్కపెట్టుచు వచ్చిరి. తమ పల్లెకు పోవు దారి వచ్చినప్పుడు మా వారు బండి నిదానింపజేసిరి. అత్తగారు "పోనీ" అనిరి.

హంసలదీవి వేణుగోపాలస్వామి యాలయము దేవతలు ఒక్క రాత్రిలో కట్టిరనియు, కోడి కూయుటచే గోపురము పూర్తి గాలేదనియు స్థలపురాణము. ఊరి పేరునకును ఒక కథ గలదు. పాపులందరును వచ్చి మునుగగా గంగ నల్లబడి, కాకిరూపము దాల్చి, తీర్థము తీర్థమునను మునుగుచు తిరిగి, కడకు ఈ సాగరసంగమమున మునుగగానే హంసయయ్యెనట. "చూశావా అమ్మాయ్! ప్రయాగలో ఉన్న గంగ కూడా ఇక్కడికే రావలసి వచ్చింది" అని యత్తగారు నవ్విరి. ఆ ప్రయాణమున నదియే మొదటి నవ్వు.

స్వామిదర్శనము చేసికొని సాయంకాలము నాలుగు గంటలకు పాలకాయతిప్ప తీరమునకు చేరితిమి. ఎచట చూచినను జనము. ట్రాక్టరు తొట్టెల క్రింద చాపలు, ఆటోలకు చీరలు కట్టిన నీడలు, జీళ్ల కొట్లు, చెరకుగడల మోపులు, స్త్రీలు బట్టలు మార్చుకొనుటకు తడికల గదులు. కప్పులేని ఒక పెద్ద సత్రమని చెప్పదగును. అన్ని కులములవారును, అన్ని యూళ్లవారును అందే తలలు వాల్చుకొనిరి. గోడలు లేవు గనుక పొరుగువారి పసిబిడ్డ యేడ్చిన మనమే లేచి జోలపాడవలసివచ్చును.

మాకు మాత్రము అత్తగారు చోటు నిర్ణయించిరి. జనసమ్మర్దమునకు కొంత దూరముగా తీసికొనిపోయి, ఇసుకపై నొక గీతవలె పరచుకొనియున్న యెండునాచును, గుల్లలను చూపి, "నిన్నటి పోటు ఇంతవరకు వచ్చింది. పున్నమి పోటు దీన్ని కూడా దాటుతుంది. అదిగో, ఆ బాలబందితీగ పాకిన చోటికి ఉప్పునీరు ఎక్కదు. అక్కడ పరవండి" అనిరి. ఊదారంగు పూలు పూచు నా తీగయు, రావణాసురుని మీసములని పిల్లలు పిలుచు ముండ్ల గడ్డియు ఇసుకను గాలికి పోనీయక పట్టియుంచును. వాని వెనుక సరుగుడు తోపు, దానికిని వెనుక మడయడవి. మడచెట్ల వేర్లు బురదనుండి మేకులవలె పైకి నిక్కి గాలి పీల్చుకొనును. బావురుపిల్లులు, నక్కలు ఆ యడవిని తిరుగునని వినగానే మా చిన్నవాడు చాప నడిమికి జరిగెను.

మే మున్న చోటికి కొలది దూరమున వల చుట్టిన కంచె యొకటి యుండెను. ఇసుకలో వరుసగా పుల్లలు పాతి, ఒక్కొక్కదానికి తేది, అంకె వ్రాసిన చీటి కట్టియుండిరి. అది యేమని యడుగగా నచటి యటవీశాఖ కావలివాడు చెప్పెను. ఆలివ్ రిడ్లే యను సముద్రపు తాబేళ్లు ఏటేట జనవరి మొదలు మార్చి వరకు ఈ తీరమున రాత్రులందు గుడ్లుపెట్టును. నక్కలును, కుక్కలును తవ్వి తినకుండ వానిని తెచ్చి, యీ కంచెలో అంతే లోతున పాతిపెట్టి కాపాడుదురు. నలుబదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు పొదుగబడును. ఇసుక వేడి యెక్కువగా నున్నచో ఆడుపిల్లలు, తక్కువగా నున్నచో మగపిల్లలు పుట్టుననుట మాకు క్రొత్త విషయము. మేము చాప యచటనే పరచుకొందుమనగా, దీపము వెలిగింపకుండ నుండిన నభ్యంతరము లేదని యాతడు చెప్పెను.

సూర్యుడు మడయడవి వెనుక గ్రుంకకముందే చంద్రుడు సముద్రముపై లేచెను. నిప్పు రాజేయలేదు. వెన్నెలలోనే పులిహోర తింటిమి. కొంతసేపటికి మంచు కురియ మొదలిడెను. దుప్పట్లు చెమ్మగిల్లెను. పిల్లలు అలల మ్రోతకు మొదట భయపడి, పిదప ఆ మ్రోతకే నిద్రపోయిరి.

అర్ధరాత్రమున మెలకువ వచ్చి చూడగా అత్తగారు మోకాళ్లపై గడ్డముంచి కూర్చుండియుండిరి. పోటు సగము పైకి వచ్చియుండెను. మేము లేచి ప్రక్కన కూర్చుంటిమి. వా రటే చూచుచు, "మా అమ్మ సముద్రాన్ని ఎప్పుడూ తిట్టలేదు అమ్మాయ్. దీని ఉప్పు తిని బతికినవాళ్లం అనేది. నేనే తిట్టాను, ఇన్నేళ్లూ" అనిరి. కొంత తడవునకు మరల, "నాకు అరవైయారేళ్లు. మా అమ్మ పోయేనాటికి దానికి నలభై అయినా లేవు. తల్లిని తలచుకుంటే ఇప్పుడు కూతురిని తలచుకున్నట్టుగా ఉంటుంది" అనిరి. మేము బదులు చెప్పలేకపోతిమి. మా తండ్రిగారి యొద్ద భాగవతము చదువుకొను దినములలో మాటవరుసకు వారు చెప్పినది జ్ఞప్తికి వచ్చెను: పక్షి స్పర్శచేతను, చేప చూపుచేతను, తాబేలు దూరమునుండి తలంపుచేతను తమ పిల్లలను పెంచునట. ఆ మాట చెప్పుదమా యని తలపోయుచుండగనే కావలివాడు దూరమునుండి చేయి యూపెను.

నీటి యంచున నొక నల్లని రాయి కదలెను. రాయి కాదు, తాబేలు. రెండడుగుల పొడవుండును. నాలుగు తెడ్లవంటి కాళ్లతో దేహము నీడ్చుకొనుచు, నాలుగడుగులు వేసి యాగుచు, ఉస్సురనుచు, పోటుగీతను దాటి, బాలబందితీగ మొదటికి వచ్చి యాగెను. "చూశావా, దానికీ తెలుసు" అని యత్తగారు మెల్లగా ననిరి. వెనుకకాళ్లతో చెంబువంటి గుంట తవ్వి, దానిపై వంగి, తెల్లని గుడ్లను రెండు రెండుగా జారవిడువసాగెను.

ఇంతలో మనుష్యుల యడుగులు వినవచ్చెను. సంగమమువైపు పోవు పడుచువాండ్రు, వారి వెంట కొందరు స్త్రీలు, ఆ దృశ్యమును చూచి పరుగున వచ్చి చేతిఫోనుల దీపములు వెలిగించిరి. కావలివాడు వలదన్నను వినరైరి. అప్పుడు మా అత్తగారు లేచి, వెలుగులకు ఎదురుగా నిలువబడి, చీరచెరగు చాచి, "ఆర్పండమ్మా! పురిటిగదిలోకి దీపాలు పట్టుకుని వస్తారా? మీ తల్లి మిమ్మల్ని కన్ననాడు ఇంతమంది చూశారా?" అనిరి. గొంతు పెద్దది గాదు. కాని యొక్కొక్క దీపమే యారిపోయెను. అటుపై ముప్పదిమందిమి వెన్నెలలో నోరు మెదపక కూర్చుంటిమి. గట్టి వెలుగు పడినయెడల తాబేలు గుడ్లు పెట్టకయే మరలిపోవచ్చుననియు, పుట్టిన పిల్లలైనను సముద్రపు తెలుపును చూచి నడచునవి గావున, ఒడ్డు దీపములకు మోసపోయి నేలవైపు పోయి చచ్చుననియు కావలివాడు పిమ్మట చెప్పెను.

తాబేలు కంటినుండి నీరు చిక్కగా కారుచుండెను. మా పిల్ల, "నాయనమ్మా, ఏడుస్తోంది" అనెను. మా వారు బడిపంతులు గదా! అది యేడ్పు కాదనియు, సముద్రపు నీరు త్రాగుటచే దేహమున నెక్కువైన యుప్పును కన్నులకడనున్న గ్రంథులద్వారా బయటికి పంపుచున్నదనియు పిల్లకు బోధించిరి. అత్తగారు విని, "ఏమైతేనేంరా? ఉప్పు లోపలే ఉంచుకుంటే ప్రాణం నిలవదు. పోవలసిందే" అనిరి. అట్లనుచునే చెరగు కన్నుల కద్దుకొనిరి. కాపురమునకు వచ్చిన పదునాలుగేండ్లలో వారి కన్నీరు మేము చూచుట యదియే మొదటిసారి.

గుడ్లుపెట్టుట ముగియగా తాబేలు ఇసుక కప్పి, దేహమును ఇటునటు నూపి దరువు వేసినట్లు నేలను దిమ్మిసకొట్టి, వెనుదిరిగి చూడక నీటిలో కలిసిపోయెను. ఆడుతాబేళ్లు మాత్రమే ఒడ్డెక్కుననియు, మగవి యొకసారి నీట జేరిన మరల నేలను చూడవనియు కావలివాడు చెప్పెను. అంతేకాదు, ఏ తీరమున బుట్టెనో, పదేండ్లకు పైబడి పెరిగి, ఎంత దూరము తిరిగియైనను ఆ తీరపు చెంతకే ఆడుతాబేలు గుడ్లుపెట్టుటకు వచ్చునట. భూమియొక్క అయస్కాంతశక్తి దానికి దారి చూపునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. అత్తగారు విని, చాలసేపటికి, "పుట్టింటికి పురిటికి వచ్చిందన్నమాట" అనిరి. మా వారు మాటాడక తల్లి ప్రక్కకు జరిగి కూర్చుండిరి. కావలివాడు గుడ్లు తీసి లెక్కింపగా 114 వచ్చెను. చీటి వ్రాయుటకు మా పిల్లకే పెన్సిలు నిచ్చెను. ఇన్ని గుడ్లు పెట్టినను వేయింటి కొక్కటి పెరిగి పెద్దదగుట కష్టమనియు, పెద్దవి సైతము చేపలవలలలో చిక్కి ఊపిరాడక చచ్చుచున్నవనియు విని పిల్ల చిన్నబోయెను.

తెల్లవారుజామున నందరితో సంగమమునకు పోతిమి. పడమట చంద్రుడు మడయడవిపై వాలుచుండెను. తూర్పున సముద్రమునుండి సూర్యుడు వచ్చుచుండెను. నదినీరు పసుపుచాయగను, సముద్రపు నీరు నీలిగను కొంతదూరము కలియక ప్రక్కప్రక్కన నిలిచియుండెను. అత్తగారు మోకాటిలోతున చాలసేపు నిలువబడిరి. మేము చేయి పట్టుకొనబోగా వలదనిరి. పిమ్మట తామే మూడు మునుగులు మునిగి, నీళ్లకు పసుపు కుంకుమలర్పించి, వంగి గుప్పెడు తడియిసుక తీసి కొంగున ముడివైచుకొనిరి. ఏల యని యడిగితిమి. "పుట్టింటికి వచ్చి వట్టిచేతులతో పోతారా? ఇదే నా సారె" అనిరి.

తిరుగు ప్రయాణమున తమ పల్లె దారి వచ్చినప్పుడు వారే బండి నాపుమనిరి. అచట తమవారెవ్వరును లేరు. ఇల్లుండిన చోట నిప్పుడు చెరువున్నది. గట్టుపై నొక నిమిషము నిలిచి తిరిగి వచ్చిరి. ఆ సాయంకాలము ఆ యిసుక మా తులసికోటలో చేరెను.

సోదరీమణులారా! మీలో నెవరైనను మాఘపౌర్ణమికి హంసలదీవి పోదలచినచో, త్రాగునీరును, మందమైన దుప్పట్లును తప్పక తీసికొనిపొండు. నదియు సముద్రమును కలియుచోట లోతును, లాగుడును తెలియరావు గనుక పిల్లలను మోకాటిలోతు దాటనీయకుడు. పోటుగీతకు పైననే చాప పరచుకొనుడు. తిన్న ఆకులను, ప్లాస్టిక్ సంచులను ఒడ్డున విడువక వెంట తెచ్చుకొనుడు. రాత్రివేళ తీరమున దీపము వెలిగింపకుడు. అది మనవంటి తల్లుల పురిటిగది.

మొన్న మా పిల్ల, "నాయనమ్మా, మళ్లీ ఎప్పుడు వెళదాం?" అని యడుగగా, అత్తగారు చేటలోని బియ్యమునుండి తల యెత్తి, "పుట్టింటికి పోవడానికి ముహూర్తం దేనికే?" అనిరి.